నడుము స్కాన్‌లో డిస్క్ బల్జ్, మోకాలి రిఫ్లెక్సులు మాత్రం ఎగిరిపడుతున్నాయి: వెన్నుపాము ఎక్కడ నొక్కుకుందో పట్టుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 54 ఏళ్ల మహిళ, కనిగిరి వైపు పల్లె, వ్యవసాయ కూలీ. నాలుగు నెలలుగా కాళ్లు బరువెక్కాయి, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, అరికాళ్లలో మంట. నెల రోజులుగా బొడ్డు చుట్టూ బెల్టు బిగించినట్టు ఉంటోంది. నడుము ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బడం) అని వచ్చింది. సీ అంటే మెడ, టీ ఛాతీ, ఎల్ నడుము, ఎస్ దాని కింది భాగం, అంకె పైనుంచి వరుస. నడుము పట్టీ, నరాల నొప్పికి గాబాపెంటిన్, బీ12 ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి, తగ్గలేదు. మీరు చూస్తే రెండు మోకాళ్ల రిఫ్లెక్సులూ (సుత్తితో తడితే కండరం తనంతట తాను ఎగరడం) బాగా పెరిగి ఉన్నాయి. బల్జ్ ఆపరేషన్‌కి పంపాలా, ఇంకేమైనా పరీక్షలు చేయించాలా అన్నది మీ ప్రశ్న. వెన్నుపాము నుంచి బయటికి వచ్చే నరాల మొదళ్ల, అంటే రూట్ల, జబ్బుల గురించి కూడా అడిగారు.

ఆపరేషన్‌కి పంపొద్దు. ఆ బల్జ్ ఈమె జబ్బు కాదు. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1, ఎల్2 వెన్నుపూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి దిగేవన్నీ నరాల రూట్లే. రూట్ నొక్కుకుంటే దాని రిఫ్లెక్స్ తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది, పెరగడమన్నది ఉండదు. మోకాలి రిఫ్లెక్స్ ఎల్3, ఎల్4 సెగ్మెంట్లది (ఒక జత రూట్లు బయలుదేరే వెన్నుపాము ముక్కే సెగ్మెంట్). ఆ సెగ్మెంట్లు ఉండేది సుమారు టీ11, టీ12 వెన్నుపూసల ఎత్తులో. రెండు మోకాళ్లూ ఎగిరిపడుతున్నాయంటే దెబ్బ అంతకన్నా పైన తగిలింది. నడుము ఎంఆర్ఐ మొదలయ్యేదే దాదాపు టీ11-టీ12 దగ్గర కాబట్టి, జబ్బున్న చోటు ఆ ఫిల్ములో పడే అవకాశమే తక్కువ.

బల్జ్ విషయానికొస్తే, నడుము నొప్పే లేనివాళ్ల స్కాన్‌లను పోగేసి 2015లో వేసిన సమీక్ష ఒకటుంది. అందులో 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి బల్జ్ కనబడింది. యాభై దాటినవాళ్లలో సగానికి పైగా మందికి వచ్చే మాట అది. పరీక్షలో దొరికిన లెవెల్‌తో కలిస్తేనే దానికి విలువ.

కాబట్టి స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసే ముందు ఇరవై నిమిషాలు పేషెంటు దగ్గర కూర్చోండి. "నీరసంగా ఉందా" అని అడిగితే అందరూ అవుననే అంటారు, పని పేరు పెట్టి అడగాలి. చెప్పు జారినప్పుడు తెలిసిందా, తెలియకుండానే నాలుగడుగులు వేసేసిందా? తెలిసీ జారితే కండరం పట్టు తప్పుతోంది. తెలియకుండా జారితే స్పర్శ, జాయింట్ పొజిషన్ పోతున్నాయి. మొహం కడుక్కుంటూ కళ్లు మూసుకున్నప్పుడు తూలిపడబోవడం, చీకట్లో గట్టు మీద నడవలేకపోవడం, దూది మీద నడిచినట్టు ఉందనడం ఇవన్నీ పోస్టీరియర్ కాలమ్స్ (వెన్నుపాము వెనక వైపున స్పర్శ, జాయింట్ పొజిషన్ మోసే తీగలు) దెబ్బతిన్న గుర్తులు.

ఆ తర్వాత చేతుల గురించి అడగండి. కాళ్ల జబ్బుతో వచ్చిన మనిషిని చేతుల గురించి ఎవరూ అడగరు. మెడ దగ్గర నొక్కుకున్న వెన్నుపాము ఏళ్ల తరబడి దొరక్కపోవడానికి సగం కారణం ఇదే. అన్నం ముద్ద కలపడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, పూలు కట్టడం, కింద పడ్డ చిల్లర ఏరడం మునుపటిలా కుదురుతున్నాయా? మెడ నొప్పి లేదు కదా అని మెడను వదిలేయకండి. సర్వైకల్ మైలోపతీలో (మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుని దెబ్బతినడం) చాలామందికి మెడ నొప్పే ఉండదు. తల ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు పాకినట్టయితే అది లెర్మిట్ లక్షణం.

మూత్రం సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు. మగ డాక్టరైతే నర్సు చేత అడిగించండి. వస్తే ఆపుకోలేకపోవడం వెన్నుపాము పైభాగపు దెబ్బను సూచిస్తుంది. రాకపోవడం, నిండినా తెలియకపోవడం, చుక్కలుగా కారిపోవడం అయితే కోనస్ (వెన్నుపాము చివరి మొన), కాడా ఈక్వైనా (దాని కింద వేలాడే రూట్ల గుత్తి), లేదా హఠాత్తుగా వచ్చిన స్పైనల్ షాక్ (దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము పూర్తిగా మూగబోవడం) గుర్తుకు రావాలి.

ఇక ఆ బెల్టు బిగింపు. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన ముక్క అదే. నొక్కుకున్న చోట రూట్ కూడా రేగితే, ఆ రూట్ చుట్టివచ్చే దారంతా పట్టేసినట్టు ఉంటుంది. పేషెంటే వేలు పెట్టి లెవెల్ చూపిస్తోందన్నమాట. బొడ్డు దగ్గరంటే టీ10 చుట్టుపక్కల. ఇలాంటివాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి గ్యాస్ మాత్రలు, కడుపు అల్ట్రాసౌండ్, ఒక్కోసారి ఎండోస్కోపీ కూడా అయిపోయి ఉంటాయి.

పరీక్ష నడకతో మొదలుపెట్టండి. మామూలుగా నడిపించి, తర్వాత మడమకు వేళ్లు ఆనించి ఒకే గీత మీద నడిపించండి. మడమల మీద నడవలేకపోతే ఎల్4, ఎల్5 అనుమానించాలి. పిక్క కండరం బలాన్ని మంచం మీద చేత్తో నొక్కి చూసి నార్మల్ అని రాసేయొద్దు. ఆ కండరం చాలా బలమైనది, సగం పోయినా మీ చేతిని తోసేస్తుంది. ఒంటికాలి మీద నిలబెట్టి, గోడ పట్టుకోనిచ్చి, పది సార్లు మడమ ఎత్తించండి. ఎస్1 బలహీనత అప్పుడు బయటపడుతుంది. గొంతుకూర్చుని లేవలేకపోతే తొడ ముందు కండరం, అంటే ఎల్3, ఎల్4.

రిఫ్లెక్సులు కింది నుంచి పైకి చూసుకుంటూ పోయి, ఎక్కడ మామూలవుతున్నాయో గమనించండి. కాళ్లలో పెరిగి చేతుల్లో మామూలుగా ఉంటే దెబ్బ టీ1 కింద. చేతుల్లో కూడా పెరిగి దవడ రిఫ్లెక్స్ మామూలుగా ఉంటే మెడ. దవడది కూడా పెరిగితే మెదడు వైపు చూడాలి, లేదా మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను నడిపే నరకణాలు చచ్చిపోయే జబ్బు) అనుకోవాలి. మెడలో సీ5-సీ6 దగ్గర నొక్కుకుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. ముంజేతి బయటి అంచున, మణికట్టుకు కాస్త పైన కొడితే మోచేయి వంగాల్సింది పోయి వేళ్లు ముడుచుకుంటాయి. అక్కడి రూట్ చచ్చి, దాని కింది సెగ్మెంట్ రెచ్చిపోయిందని దానర్థం. నొక్కుకున్న చోట తగ్గడం, దాని కింద పెరగడం అన్న సూత్రం ఒక్క దెబ్బలో అక్కడ కనబడుతుంది. హాఫ్‌మన్ కూడా చూడండి. మధ్యవేలి గోటి కణుపును కిందికి వంచి టక్కున వదిలితే బొటనవేలు లోపలికి ముడుచుకోవడమే పాజిటివ్. కొందరు ఆరోగ్యవంతుల్లో కూడా రెండు వైపులా రావచ్చు, కాబట్టి ఒక్క దానితోనే ముద్ర వేయొద్దు. పిడికిలి మూసి తెరవడం 10 సెకన్లలో 20 సార్లు చేయించండి. అంతకన్నా తక్కువైతే, లేదా తెరిచినప్పుడు చిటికెన వేలు దూరంగా జారిపోతుంటే మెడ ఎంఆర్ఐ తప్పదు.

అరికాలి రిఫ్లెక్స్ దగ్గర మన పల్లెల్లో ఒక చిక్కు ఉంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన పాదాలు బిరుసెక్కి, మడమలు పగిలి ఉంటాయి. ఎంత గీసినా ఏదీ కదలదు, మనం "స్పందన లేదు" అని రాసేస్తాం. అప్పుడు పాదం పక్కన, బయటి చీలమండ కింది నుంచి చిటికెన వేలి వైపు గీయండి, దీన్ని చాడాక్ అంటారు. చూడాల్సింది బొటనవేలి మొదటి కదలిక ఒక్కటే, అది పైకి లేస్తే మెదడు, వెన్నుపాము తీగల దెబ్బకు గుర్తు. తర్వాత కాలు వెనక్కి లాక్కోవడం లెక్కలోకి రాదు.

స్పర్శకు చీపురుపుల్ల విరిచి వాడండి, ఒక్కొక్కరికి ఒక్కో పుల్ల. సిరంజి సూది వద్దు, చర్మం తెగుతుంది. పాదం నుంచి పైకి పొడుచుకుంటూ వెళ్లి, ఎక్కడ "ఇప్పుడు గుచ్చుకుంటోంది" అంటారో అక్కడ పెన్నుతో గీత పెట్టండి. ముందు వైపే కాక వీపు వైపు కూడా చూడాలి. రొమ్ము మొన టీ4, బొడ్డు టీ10, గజ్జ ఎల్1. ఛాతీ పైభాగంలో రెండో పక్కటెముక దగ్గర గీత వచ్చిందంటే జాగ్రత్త. ఛాతీ చర్మం మీద సీ4 కిందే టీ2 ఉంటుంది, మధ్యలోవన్నీ చేతుల్లోకి వెళ్లిపోయాయి. అక్కడి గీత చూసి "పై ఛాతీ జబ్బు" అనుకుంటే మెడ జబ్బు చేజారుతుంది. చేతుల్లో సీ5 నుంచి టీ1 దాకా పొడిచి చూసి తేల్చుకోండి. పడుకోబెట్టి తల ఎత్తమంటే బొడ్డు పైకి జరిగితే టీ10 దగ్గర దెబ్బ, దాని కింది పొట్ట కండరాలు పనిచేయడం లేదు.

చివరగా వీపు పూర్తిగా తెరిచి మెడ నుంచి తోక దాకా ఒక్కో వెన్నుపూస ముల్లునూ బొటనవేలితో నొక్కండి. ఒకచోట చిన్న గుబ్బలా పొడుచుకురావడం, అక్కడే నొక్కితే నొప్పి, పక్క కండరాలు బిగుసుకోవడం కనిపిస్తే టీబీని ముందు వరుసలో పెట్టండి. చీర కప్పుకున్న వీపు మీద చెయ్యి ఆనిస్తే ఇది దొరకదు.

ఇప్పుడు గీతను వెన్నుపూసలోకి మార్చాలి. వెన్నుపాము వెన్నెముక కన్నా పొట్టి కాబట్టి సెగ్మెంట్ నంబరు, వెన్నుపూస నంబరు ఒకటి కావు. మెడ కింది భాగంలో వెన్నుపూసకు ఒకటి కలిపితే సెగ్మెంట్ వస్తుంది, పై ఛాతీలో రెండు, టీ7 నుంచి టీ9 దాకా మూడు. టీ10 సెగ్మెంట్ టీ7 వెన్నుపూస ఎత్తులో ఉంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. నొప్పి, వేడి తెలిపే తీగల్లో కాళ్ల నుంచి వచ్చేవి బయటి అంచున ఉంటాయి. బయటి నుంచి నొక్కేది మొదట వాటినే నొక్కుతుంది. అందుకే మెడలో నొక్కుకున్నా స్పర్శ గీత మొదట్లో బొడ్డు దగ్గరే ఉండవచ్చు, నెలలు గడిచేకొద్దీ పైకి ఎక్కుతుంది. గీత చెప్పేది "జబ్బు ఇక్కడే" అని కాదు, "ఇంతకన్నా కింద లేదు" అని. మీ పేషెంటుకు చేతులు పూర్తిగా మామూలుగా ఉన్నా సరే, స్కాన్‌లో మెడను వదలకూడదని నేననేది ఇందుకే.

కోరాల్సిన స్కాన్ వెన్నెముక మొత్తం ఎంఆర్ఐ. మన సెంటర్లలో "నడుము, దాంతో పాటు హోల్ స్పైన్ స్క్రీనింగ్" అని ఒక ప్యాకేజీ ఉంటుంది, చవక. ఆ స్క్రీనింగ్‌లో నిలువు కోతలు మాత్రమే, అవీ పలుచగా, ఛాతీ భాగంలో అడ్డు కోతలు ఉండవు. గుండె, ఊపిరి కదలికలతో ఛాతీ బొమ్మ మసకబారుతుంది కూడా. పెద్ద టీబీ గడ్డ అందులో దొరుకుతుంది. పక్కనుంచి వెన్నుపామును తోస్తున్న చిన్న మెనింజియోమా (వెన్నుపాము పొర మీద పెరిగే గడ్డ) దొరక్కపోవచ్చు. డబ్బు ఒక భాగానికే ఉంటే, నడుముకు కాక ఛాతీకి పూర్తి స్కాన్, మిగతాదానికి స్క్రీనింగ్ అడగండి.

రిక్వెస్ట్ ఫారం మీద "నడుము నొప్పి, డిస్క్ చూడండి" అని రాస్తే రేడియాలజిస్ట్ డిస్కే చూస్తాడు, తప్పు ఆయనది కాదు. మీ పరీక్షలో తేలినదాన్ని బట్టి ఇలా రాయండి: "54 ఏళ్ల మహిళ, 4 నెలలుగా పెరుగుతున్న స్పాస్టిక్ పారాపరేసిస్, టీ10 స్పర్శ లెవెల్, చేతులు మామూలు. ఛాతీ వెన్నుపాము కంప్రెషన్ అనుమానం. టీ1, టీ2, స్టిర్ నిలువు కోతలు. టీ4 నుంచి టీ12 దాకా టీ2 అడ్డు కోతలు. వెన్నుపూసలు సీ2 నుంచి లెక్కించాలి. గడ్డ, ట్యూమర్ లేదా ఇన్ఫెక్షన్ కనబడితే కాంట్రాస్ట్." స్పాస్టిక్ పారాపరేసిస్ అంటే రెండు కాళ్లూ బిగుసుకుని బలహీనపడడం. కోతల ముందున్న టీ1, టీ2, స్టిర్ ఎంఆర్ఐ బొమ్మల రకాలు, వెన్నుపూసలు కావు. సీ2 నుంచి లెక్క ఎందుకంటే, కొందరిలో నడుము దగ్గర వెన్నుపూస ఒకటి ఎక్కువో తక్కువో ఉన్నట్టు కనబడుతుంది. కింది నుంచి లెక్కపెడితే సర్జన్ పక్క లెవెల్ తెరిచే ప్రమాదం ఉంది. కాంట్రాస్ట్, అంటే నరంలోకి ఎక్కించే రంగు మందు, అవసరం పడవచ్చు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ముందే పంపండి. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించి ఎంఆర్ఐకి పనికొచ్చే రకమో కాదో తేల్చుకోవాలి. కాకపోతే సీటీ మైలోగ్రామ్ (వెన్నుపాము చుట్టూ రంగు మందు ఎక్కించి తీసే సీటీ).

ఫిల్ము వచ్చాక పోల్చుకోవడానికి నాలుగు మాటలు. పక్కపక్కన రెండు వెన్నుపూసల అంచులు కొరికేసి, మధ్య డిస్క్ కుంగి, ముందు పల్చటి గోడతో పెద్ద చీముగడ్డ ఉంటే టీబీ. డిస్క్ నిలిచి, వెన్నుపూస వెనక భాగం, పెడికిల్ (అక్కడి ఎముక కాడ) పోయి, మరో రెండు మూడు చోట్ల కూడా మచ్చలుంటే క్యాన్సర్ పాకింది. వెన్నుపాము పొరను ఆనుకుని, కాంట్రాస్ట్‌ను సమంగా పీల్చుకుని, వెన్నుపామును ఒక పక్కకు నెట్టేసిన గుండ్రటి గడ్డ ఉంటే మెనింజియోమా. మధ్య వయసు ఆడవాళ్లలో ఛాతీ భాగంలో ఎక్కువగా వచ్చేది ఇదే. పూర్తిగా తీసేయగలిగే జబ్బు, ఏళ్ల తరబడి "నరాల బలహీనత" పేరు మీద మందులు మింగించే జబ్బు కూడా. ఎముకగా మారిన లిగమెంట్ (వెన్నుపూసలను కట్టి ఉంచే పట్టీ) ఎంఆర్ఐలో నల్లగా మాత్రమే కనబడుతుంది, మామూలు మందం అనుకుని దాటేస్తారు. అనుమానముంటే ఆ లెవెల్‌కి సన్న కోతల సీటీ తీయించండి.

కనిగిరి అన్నారు కాబట్టి ఆ ఎముకైన లిగమెంట్ గురించి ఇంకొంచెం. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో ప్రచురించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే, దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు కూడా ఇదే కథ. నిమ్స్‌లో న్యూరోసర్జన్‌గా పనిచేసిన డి. రాజారెడ్డి ఈ జబ్బు నరాలను ఎలా దెబ్బతీస్తుందో దశాబ్దాల పాటు రాశారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో వెన్నుపూసలు దట్టమవుతాయి, వెనక లిగమెంట్లు ఎముకై వెన్నుపాము కాలువ ఇరుకైపోతుంది. మెడ, ఛాతీ భాగాలు రెండూ నొక్కుకోవచ్చు. గుర్తుపట్టడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. ముంజేతి ఎక్స్‌రే తీయించండి. రెండు ఎముకల మధ్య పొరలో ముళ్లలా కాల్షియం పేరుకుని ఉంటే అనుమానం దాదాపు తీరిపోతుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగని మెడ, నేల మీద కూర్చోలేకపోవడం తోడుంటాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మూత్రంలో ఫ్లోరైడ్, ఇంటి బోరు నీటిలో ఫ్లోరైడ్ పంపండి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. దాకా ఉండవచ్చు, వేరే దారి లేనప్పుడు 1.5 మి.గ్రా. దాకా ఒప్పుకుంటారు. ఇప్పుడు మంచినీళ్లు వస్తున్నాయి కదా అని కొట్టిపారేయకండి, ఎముకలో చేరింది ఏళ్లకేళ్లు ఉంటుంది. అలాగని ఆ ఊరివాళ్లందరికీ ఫ్లోరోసిస్ అంటగట్టొద్దు. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి వెన్నుపామును నొక్కుతున్నది టీబీ కావచ్చు, మెనింజియోమా కావచ్చు. సర్జన్‌కి మాత్రం ముందే చెప్పాలి. ఆ ఎముక రాయిలా ఉంటుంది, పొర దానికి అంటుకుపోయి ఉంటుంది. తొలిచేటప్పుడు వెన్నుపాము దెబ్బతినే ప్రమాదం మామూలు కేసుల కన్నా ఎక్కువ.

టీబీ అని తేలితే మాత్రలు మొదలుపెట్టే ముందు ముక్క తీయించండి. వెన్నుపూస టీబీని ఫిల్ము చూసి మొదలుపెట్టేయడం మనకు అలవాటు. ఆరు నెలల తర్వాత తగ్గకపోతే అది మందుకు లొంగని టీబీనో, బ్రుసెల్లానో (పశువుల నుంచి వచ్చే ఇన్ఫెక్షన్), లింఫోమానో (లింఫ్ కణాల క్యాన్సర్) చెప్పేందుకు ఆధారం ఉండదు. సీటీ సాయంతో సూదితో తీసిన ముక్కను రెండు డబ్బాల్లో వేయాలి. హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోపు కింద చూడడానికి) ఫార్మలిన్, కల్చర్‌కీ సీబీనాట్‌కీ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) సెలైన్. అంతా ఒకే ఫార్మలిన్ డబ్బాలో వేసి పంపితే కల్చర్ అక్కడితో సరి, క్రిములు చచ్చిపోతాయి. బయాప్సీ గది బయట ఫారంతో పాటు సెలైన్ డబ్బా మీరే ఇచ్చి పంపండి. మేకలు, గొర్రెలు కాచేవాళ్లు, పచ్చిపాలు తాగేవాళ్లయితే బ్రుసెల్లా పరీక్ష కూడా కలపండి. ఎముకల సర్జన్ ప్రొఫెసర్ తూలి పాట్స్ పారాప్లీజియాకు (వెన్నుపూస టీబీతో కాళ్లు పడిపోవడానికి) చేసిన వర్గీకరణలో మొదటి మెట్టు ఏమిటంటే, పేషెంటుకు బలహీనత ఉందని తెలియనే తెలియదు, అరికాలి రిఫ్లెక్స్ పైకి లేవడం, చీలమండ క్లోనస్ (పాదాన్ని టక్కున పైకి నొక్కితే లయగా కొట్టుకోవడం) చూసి డాక్టరే పట్టుకోవాలి. వీపు నొప్పితో వచ్చిన ప్రతి టీబీ అనుమానితుడి పాదాలనూ గీసి చూడమనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

రూట్ జబ్బుల గురించి కూడా అడిగారు కాబట్టి కొంత. ఇక్కడ తికమక పెట్టేది ఎక్కువగా పాదం వేలాడిపోవడమే. ఎల్5 రూటా, మోకాలి పక్కన పెరోనియల్ నరమా? పాదాన్ని లోపలికి తిప్పమనండి, పక్కకు పడుకోబెట్టి కాలు పైకి ఎత్తమనండి. ఈ రెండూ బలహీనంగా ఉంటే ఎల్5. రెండూ బాగుంటే పెరోనియల్. చాలాసేపు గొంతుకూర్చుని పనిచేసినవాళ్లలో, కాలు మీద కాలు వేసుకు కూర్చునేవాళ్లలో, కట్టు బిగుతైనవాళ్లలో అది వస్తుంది. డిస్క్ లెక్క కూడా ఒకసారి చెప్పుకోవాలి. ఎల్4-ఎల్5 డిస్క్ మామూలుగా జారితే కిందికి దిగుతున్న ఎల్5ని నొక్కుతుంది. బాగా పక్కకు జారితే మాత్రం బయటికి వెళ్తున్న ఎల్4ని నొక్కుతుంది. స్కాన్‌లో కుడి ఎల్4-ఎల్5, నొప్పి ఎడమ ఎస్1 దారిలో అయితే ఆ డిస్క్‌కి ఈ నొప్పితో సంబంధం లేదు. మెడలో రూట్ తన నంబరు వెన్నుపూసకు పైన బయటికి వస్తుంది కాబట్టి సీ6-సీ7 డిస్క్ నొక్కేది సీ7ని: మధ్యవేలు తిమ్మిరి, ట్రైసెప్స్ (మోచేతిని చాపే కండరం) బలహీనత. చెయ్యి తల మీద పెట్టుకుంటే నొప్పి తగ్గుతోందనేవాళ్లలో మెడ రూట్‌ను గట్టిగా అనుమానించండి. స్పర్లింగ్ పరీక్ష అని మెడ వంచి తల మీద నొక్కడం మైలోపతి అనుమానం ఉన్నవాళ్లలో, దెబ్బ తగిలినవాళ్లలో చేయకూడదు.

నర్వ్ కండక్షన్ పరీక్షను (నరాల్లో కరెంటు ఎలా పాకుతోందో కొలిచేది) తొందరపడి రాయకండి. రూట్ నొక్కుకునేది గ్యాంగ్లియన్‌కు (స్పర్శ నరకణాలుండే ముడి) లోపలి వైపు కాబట్టి, చర్మం మొద్దుబారినా సెన్సరీ రికార్డింగ్ మామూలుగానే వస్తుంది. తిమ్మిరి ఉంది, సెన్సరీ మామూలు: ఈ పొంతన లేకపోవడమే రూట్ జబ్బుకు సాక్ష్యం. రిపోర్టులో "నార్మల్" చూసి జబ్బు లేదని తిప్పి పంపుతుంటారు. ఈఎంజీలో (కండరంలో సూది పెట్టి చేసే పరీక్ష) కాలి కండరాల్లో మార్పులు రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది, మొదటి వారంలో చేయిస్తే డబ్బు దండగ.

రాత్రికి రాత్రి పంపాల్సిన కేసు కాడా ఈక్వైనా. రెండు కాళ్లలో సయాటికా, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం మార్పు. మొద్దుబారడాన్ని మన దగ్గర ఇలా అడగాలి: "కడుక్కునేటప్పుడు నీళ్లు చల్లగా తగులుతున్నాయా? చేతికి తెలిసినట్టు అక్కడా తెలుస్తోందా?" మలద్వారం చుట్టూ పుల్లతో పొడిచి చూడండి. వేలితో చూసిన కండరం బిగువు బాగున్నంత మాత్రాన లేదనుకోవద్దు. మూత్రం పోయించి వెంటనే అల్ట్రాసౌండ్‌లో మిగులు కొలవండి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 0.52తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 200 మి.లీ. దాటితే అనుమానం బాగా బలపడుతుంది. తక్కువున్నా లక్షణాలుంటే స్కాన్ ఆపొద్దు. కేథెటర్ వేసి ఉంటే మెల్లగా లాగి, తెలుస్తోందా అని అడగండి. ఇంగ్లండ్‌లో 2023లో వచ్చిన జాతీయ మార్గదర్శకం ఇలాంటివాళ్లకు ఎంఆర్ఐ కోరిన నాలుగు గంటల్లోపు తీయాలంటుంది. మనకు అది కుదరకపోయినా "రేపు ఓపీకి రండి" అనే జబ్బు మాత్రం కాదు.

క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్తగా వెన్నునొప్పి వచ్చి, పడుకుంటే పెరుగుతోందంటే బలహీనత కోసం ఎదురుచూడకండి. కాళ్లు తడబడుతుంటే 24 గంటల్లో వెన్నెముక మొత్తం ఎంఆర్ఐ కావాలి. చికిత్స మొదలయ్యేనాటికి నడుస్తున్నవాళ్లే తర్వాత కూడా ఎక్కువగా నడుస్తారు. కాళ్లలో లోపం కనబడి, క్యాన్సర్ పాకడం వల్లనేనని అనుకుంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 16 మి.గ్రా., కడుపుకు మందు, షుగర్ చార్టు. క్యాన్సర్ ఇంకా తేలనివాళ్లకు, ముఖ్యంగా లింఫోమా కావచ్చనుకుంటే, బయాప్సీకి ముందు స్టెరాయిడ్ పడితే ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు, సర్జన్‌తో మాట్లాడి ఇవ్వండి. షుగర్ పేషెంటు, డయాలిసిస్ పేషెంటు జ్వరం, వెన్నునొప్పితో వస్తే ఎపిడ్యూరల్ చీము (వెన్నుపాము పొర బయట చేరే చీము) కావచ్చు: బ్లడ్ కల్చర్ రెండు సీసాలు తీశాకే యాంటీబయాటిక్, కాంట్రాస్ట్ ఎంఆర్ఐ అదే రోజు.

కంప్రెషన్ లేదని ఎంఆర్ఐ తేల్చేదాకా నడుములో సూది గుచ్చి నీరు తీయొద్దు. అడ్డంకి కింద నీరు తీస్తే పైన ఉన్న ఒత్తిడితో వెన్నుపాము ఇంకా బిగుసుకుని కాళ్లు ఆ సాయంత్రానికే పడిపోవచ్చు. రెండు కాళ్లూ మెత్తగా పడిపోయి రిఫ్లెక్సులు లేకుండా వచ్చినవాళ్లకు జీబీ సిండ్రోమ్ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాలను దెబ్బతీసే జబ్బు) అనుకుని, దానికిచ్చే ఐవీఐజీ ఇంజెక్షన్ల ఏర్పాట్లు చేసేస్తుంటారు. స్పైనల్ షాక్‌లో కూడా మొదటి రోజుల్లో అచ్చం అలాగే ఉంటుంది. ఛాతీ మీద స్పర్శ గీత ఉందా, మూత్రం మొదటి రోజే ఆగిందా, మొహం కండరాలు బాగున్నాయా: మూడింటికీ అవునంటే ముందు వెన్నెముక స్కాన్.

మీ పేషెంటుకు ఈ వారంలో: హిమోగ్రామ్, ఈఎస్ఆర్, సీఆర్పీ, షుగర్, క్రియాటినిన్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, హెచ్ఐవీ, ఛాతీ ఎక్స్‌రే, ముంజేతి ఎక్స్‌రే, మూత్రం మిగులు, పైన చెప్పిన ఎంఆర్ఐ. బీ12 ఇప్పటికే ఇంజెక్షన్లు పడ్డాయి కాబట్టి స్థాయి చూసి లాభం లేదు, కావాలంటే బీ12 లోపంలో పెరిగే హోమోసిస్టీన్ చూడండి, అదీ ఇంజెక్షన్ల తర్వాత త్వరగా దిగిపోతుంది. బీ12 లోపంలో మోకాలి రిఫ్లెక్స్ పెరిగి చీలమండది పోవడం మామూలే, ఆమె చీలమండ రిఫ్లెక్సులు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు, చూసి రాయండి. నడక ఈలోపు ఇంకా తగ్గినా, మూత్రం ఆగినా, తేదీ కోసం ఆగకుండా న్యూరోసర్జరీ ఉన్న చోటికి అదే రోజు పంపాలి. వెన్నెముక అస్థిరంగా ఉండవచ్చనుకుంటే బల్ల మీద వెల్లకిలా, మెడా నడుమూ మెలిపడకుండా.

వెన్నెముక మొత్తం శుభ్రంగా వస్తే రెండు పనులు మిగులుతాయి. ఒకటి, అవే ఫిల్ములు వెన్నుపాము మీది తెల్లదనం కోసం, దాని వెనక పాముల్లా మెలితిరిగిన రక్తనాళాల కోసం రేడియాలజిస్ట్‌తో కలిసి మళ్లీ చూడడం. డ్యూరల్ ఫిస్టులా (వెన్నుపాము పొరలో ధమని, సిర నేరుగా కలిసిపోవడం) అలా దొరుకుతుంది, దానికి స్టెరాయిడ్ ఇస్తే ముదురుతుంది. రెండోది మెదడు ఎంఆర్ఐ. రెండు అర్ధగోళాల మధ్య పొర మీద కూర్చున్న మెనింజియోమా రెండు కాళ్లనే బిగుసుకుపోయేలా చేసి చేతులను వదిలేయగలదు. బొడ్డు దగ్గర స్పర్శ గీత, ఆ బెల్టు బిగింపు మాత్రం దానివల్ల రావు.